పొట్టి, లావు అని రాసింది నేనే

పోలీసు స్టేషన్లో రైటరు అంటే ఎవరో మీ కాలం వాళ్లకు విడమరిచి చెప్పాల్సి వస్తుంది. లాఠీ తిప్పేవాడు కాదు, దొంగల వెంట పడేవాడూ కాదు. బల్ల వెనక కూర్చుని రాసేవాడు. ఎవరు ఫిర్యాదు తెచ్చినా, ఎవరు తప్పిపోయినా, ఎవరి శవం దొరికినా అది నా కలం కింది నుంచి పోవాల్సిందే. ముప్పై ఏళ్లు రాశాను. రిటైరైన రోజు నా మెడలో దండ వేసి, "ఈయన రాసిన రిజిస్టర్లో తప్పు పట్టినవాడు లేడు" అని ఒక పెద్ద అధికారి పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు పట్టినవాడు లేడన్నది నిజమే. పట్టకుండా దిద్దింది కూడా నేనే కదా.

ఆ దిద్దిన తప్పు గురించే ఇప్పుడు చెబుతున్నాను. చదివేవాళ్లలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఉంటే కొంచెం నిదానంగా చదవండి. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. జరిగింది చెప్తాను, అంతే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. కర్నూలు రాజధాని. మాకు ఇంకా మద్రాసు అని అచ్చువేసిన ఫారాలే వచ్చేవి. ఆ పేరు కొట్టేసి పైన ఆంధ్ర అని చేత్తో రాసుకునేవాళ్లం. నేనున్నది ప్రొద్దుటూరు పక్కన, పెన్నేటి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న స్టేషను. దాని పేరు చెప్పను. ఇప్పుడు అక్కడ పనిచేసే వాళ్లకు నా పాపంతో ఏం పని?

ఆ స్టేషన్లో ఒక కానిస్టేబులు ఉండేవాడు, సరిగ్గా ఆరడుగుల మనిషి. అతనికి మేము పెట్టిన పేరు కొలబద్ద. ఎందుకంటే నిజంగానే అతను మా కొలబద్ద. స్టేషన్లో ఒక టేపు ఉండేది కానీ అది తుప్పు పట్టి సగానికి విరిగిపోయింది. కొత్తది కావాలని రాస్తే, పాతది ఎలా విరిగిందో వివరణ ఇమ్మని పైనుంచి జవాబు వచ్చింది. ఆ వివరణ రాయడానికి బద్ధకించి మేమొక పద్ధతి కనిపెట్టాం. పట్టుకొచ్చిన మనిషిని కొలబద్ద పక్కన నిలబెట్టేవాళ్లం. చెవి దాకా వస్తే ఐదడుగుల ఆరంగుళాలు, భుజం దాకా వస్తే ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. బల్ల దగ్గర్నుంచి లేవకుండా నేను చూసి రాసేసేవాణ్ని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తేడా రాలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ని. తేడా వచ్చిందో లేదో ఎవడు చూశాడు గనక!

ఒకరోజు పొద్దున్నే చాకలివాళ్లు వచ్చి ఏట్లో శవం కొట్టుకొచ్చిందని చెప్పారు. ఎస్సై గారు, నేను, కొలబద్ద, ఊరి పెద్దలు ఇద్దరు పోయాం. శవం నీళ్లలో రెండు మూడు రోజులు నానినట్టుంది. ముఖం పోల్చుకునేలా లేదు. నడుముకు చిరిగిన పంచె పేలిక, మొలతాడు, మొలతాడుకు ఒక రాగి తాయెత్తు. అంతే. ఒళ్లంతా ఉబ్బిపోయి ఉంది.

వాసన భరించలేక నేను గట్టు దిగలేదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ముక్కుకు రుమాలు కట్టుకుని గట్టు మీదే నిలబడి రాశాను. శవం కాళ్లు నా వైపు ఉన్నాయి. కొలబద్ద దాని పక్కన ఇసుకలో నిలబడ్డాడు.

"ఎంత ఉంటాడప్పా?" అని పైనుంచి అరిచాను.

"పండుకున్నోన్ని ఎట్ల చెప్పేది సార్? మీరే సూడండి" అన్నాడు.

నేను చూశాను. కాళ్ల వైపు నుంచి చూస్తే పడుకున్న మనిషి కురచగా కనిపిస్తాడని, ఒళ్లు ఉబ్బి వెడల్పు పెరిగితే ఉన్న పొడుగు కూడా తగ్గినట్టుంటుందని, పక్కన ఆరడుగుల బక్కమనిషి నిలబడితే ఇక చెప్పనే అక్కర్లేదని నాకప్పుడు తెలియదు. నా కళ్లకు ఏది కనిపిస్తే అది రాశాను. 'మగ. పొట్టి. సుమారు ఐదడుగులు. లావుపాటి శరీరం.' కింద తాయెత్తు సంగతి కూడా రాశాను. ఊరి పెద్దలు వేలిముద్రలు వేశారు. శవాన్ని బండి మీద ప్రొద్దుటూరు ఆస్పత్రికి పంపించాం. కోసి చూసిన తర్వాత దాన్ని ఆస్పత్రి వెనక షెడ్డులో మూడు రోజులు ఉంచి, ఎవరూ రాకపోతే పూడ్చేయడం అప్పటి పద్ధతి.

రెండోరోజు మధ్యాహ్నం ఆ పెద్దాయన వచ్చాడు.

నల్లగా, ఎండిపోయి, నడుము కొంచెం వంగిన మనిషి. భుజం మీద గొంగడి, చేతిలో ఒక కట్టె. గుమ్మంలోనే చెప్పులు విడిచాడు.

"సామీ, మాది పులివెందుల కాడ పల్లె. గొర్రెలోల్లం. మా పిల్లోడు కనపడలా. ఆరు దినాలాయ."

గొర్రెల్ని తోలుకుని జమ్మలమడుగు వైపు చేలల్లో ఎరువు కోసం రాత్రిళ్లు మంద కట్టడానికి వచ్చారట తండ్రీకొడుకులు. ఒక రైతు చేనులో రెండు రాత్రులు, ఇంకొకరి చేనులో నాలుగు, అలా. మందలోంచి రెండు గొర్రెలు పోయాయి. కొడుకు నిద్రపోయాడని తండ్రికి కోపం వచ్చింది.

"అందరి ముందర కొట్టినా సామీ. ఇరవై రెండేండ్ల పిల్లోన్ని. వాడేమీ అనలా. సేతిలో కట్టె ఆడ పారేసి పోయినాడు. అలిగి ఇంటికి పోయింటాడులే అనుకుంటి. ఇంటికీ పోలా. పులివెందులలో అడిగినా, జమ్మలమడుగులో అడిగినా. ఈడ ఏమన్నా..."

ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. ఏమన్నా అంటే ఏమిటో నాకు అర్థమైంది. రిజిస్టరు తీశాను.

"ఎట్లుంటాడప్పా మీవాడు?"

అప్పటిదాకా వంగి ఉన్న మనిషి కాస్త నిటారుగా నిలబడ్డాడు.

"పొడుగు సామీ. శానా పొడుగు. సన్నంగా ఉంటాడు. మా ఇండ్లల్లో వాని అంత పొడుగోడు లేడు. ఇదో, ఈ కట్టె వానిదే. గొర్రెలు మేసేటప్పుడు దీని మీంద గడ్డం ఆనించి నిలబడతాడు. మా వోల్లందరూ అట్లనే నరుక్కుంటారు, ఎవని కట్టె వాని గడ్డం దాకా. సూడు సామీ..."

"కట్టె బయట పెట్టి రా. స్టేషన్లోకి కర్రలు తేగూడదని తెల్దా?"

అలా కసిరింది నేనే. నాయనా, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట నా చెవిలో నా గొంతుతోనే వినిపిస్తుంది. ఆయన భయపడి వెనక్కి పోయి, ఆ కట్టెను బయట గోడకు ఆనించి వచ్చాడు.

నేను రిజిస్టరు చూశాను. మా రిజిస్టర్లో గళ్లకు ఒక వరస ఉంటుంది. ముందు ఆడా మగా, తర్వాత పొడుగు, తర్వాత ఒళ్లు, ఆ తర్వాతే బట్టలు, గుర్తులు. ఒకటి సరిపోతే రెండోదానికి పోవాలి. రెండో గడిలో పొట్టి అని ఉంది. మూడో గడిలో లావు అని ఉంది. ఇక తాయెత్తు దాకా పోవాల్సిన పనేముంది? రిజిస్టరు మూసేశాను.

"ఒకటి దొరికింది గానీ అది మీవాడు గాదులేప్పా. వాడెవడో పొట్టోడు, లావుపాటి మనిషి."

ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఒకసారి సూపిస్తారా సామీ?"

"నీ కొడుకు గాదని చెప్తాంటే సూసేదేంది? అది మనిషి సూసేట్టు లేదు. నీ వయసుకు ఆ కష్టం ఎందుకు? పో, నీ కొడుకు యాడో బతికే ఉంటాడు."

నిజం చెప్తున్నాను, అది జాలితోనే అన్నాను. ముసలాయన ఎవడి శవాన్నో చూసి హడలిపోతాడని అనుకున్నాను. షెడ్డు మా స్టేషనుకు నడిచిపోయేంత దగ్గర. ఆయనతో ఒక కానిస్టేబులును పంపి ఉంటే పావుగంటలో తేలిపోయేది. ఆయన నాకు చేతులు జోడించాడు. నేను చెప్పిన మాటకు ఆ మొహం విప్పారింది. బయట కట్టె తీసుకుని, వచ్చినప్పటికన్నా గట్టిగా అడుగులు వేస్తూ పోయాడు. మంచిపని చేశానని నేను కూడా ఒక బీడీ ముట్టించాను.

మర్నాడు పంచాయతీ మనుషులు ఆ శవాన్ని ఏటి ఇసుకలో పూడ్చేశారు.

వారానికొకసారి వచ్చేవాడు ఆయన. పులివెందులలో బస్సెక్కి, దారిలో ఇంకో బస్సు మారి, సంత రోజున దిగేవాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకుండానే కట్టెను గోడకు ఆనించి లోపలికి వచ్చేవాడు.

"ఏమన్నా తెలిసెనా సామీ?"

"లేదప్పా."

లేదన్న ప్రతిసారీ ఆయనకు ఊపిరి వచ్చేది. మా స్టేషన్లో లేడంటే బతికి ఉన్నాడని లెక్క. గుంతకల్లుకు పోయి రైలు ఎక్కి ఉంటాడనీ, అంత పొడుగు మనిషికి యాడైనా పని ఇస్తారనీ తనే చెప్పుకునేవాడు. ఇంట్లో ఆడమనిషికి కూడా అదే చెబుతున్నాడట. రోజూ వాని పూటకు ఒక సంగటి ముద్ద ఎక్కువ కెలుకుతోందని ఒకసారి అన్నాడు. నేను తల ఊపాను.

ఈ మధ్యలో ఆస్పత్రి నుంచి డాక్టరు గారి రిపోర్టు కవర్లో వచ్చింది. నీళ్లలో మునిగి చనిపోయాడని ఎస్సై గారు పైపైన చదివి నాకిచ్చారు. నేను దారం గుచ్చి ఫైల్లో పెట్టాను. లోపల చదవలేదు. ఎవరిదో తెలియని శవం కదా, చదివి ఏం చేసేది? ఆ నెలలోనే పెన్నకు పెద్ద నీళ్లు వచ్చాయి. రెండు రోజులు గట్లు ఒరుసుకుని పారింది. ఎక్కడి ఇసుక ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

ఏడో వారమో ఎనిమిదో వారమో, సంత రోజే. ఆయన లోపల బల్ల ముందు నిలబడి ఉన్నాడు. కొలబద్ద బయట గోడ దగ్గర బీడీ కాలుస్తూ ఊరికే ఆ కట్టె తీసుకుని, గొర్రెలవాడిలా గడ్డం ఆనించబోయాడు. గడ్డానికి అందలేదు. ఇంకొంచెం వంగాడు. అయినా అందలేదు. కట్టె పట్టుకుని లోపలికి వచ్చాడు. నేను కసరబోయాను కానీ అతని మొహం చూసి ఆగాను.

"పెద్దాయనా, ఈ కట్టె నీ కొడుకుదేనా?"

"వానిదే అప్పా."

"సరిగ్గా వాని గడ్డం దాకా వస్తాదా?"

"వాడే నరుక్కునింది. నిరుడు."

కొలబద్ద కట్టెను తన పక్కన నిలబెట్టుకుని నా వైపు తిరిగాడు. కట్టె కొస అతని భుజం కిందనే ఆగిపోయింది. ఎన్నో ఏళ్లుగా అతని పక్కన మనుషుల్ని నిలబెట్టి కొలిచినవాణ్ని, నాకు వేరే చెప్పక్కర్లేదు. భుజం కింద గడ్డం అంటే, ఆ మనిషి కొలబద్ద చెవి దాకా వస్తాడు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. ఊళ్లో పదిమందిలో ఆరుగురు ఉండేంత మనిషి.

ఫైలు తీశాను. దారం విప్పి డాక్టరు గారి రిపోర్టు మొదటిసారి చదివాను. డాక్టరు టేపు పెట్టి కొలిచాడు. ఐదడుగుల ఆరంగుళాలు. సన్నని ఎముకలు, నీటివల్ల ఉబ్బిన శరీరం, వయసు ఇరవైకీ ఇరవై ఐదుకీ మధ్య. అంతా ఉంది. నెలన్నరగా నా వెనక బీరువాలోనే ఉంది.

శవం మీద దొరికినవి దాచి సీలు వేసిన పొట్లం తెచ్చి విప్పాను. తాయెత్తు బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. వంగి చూశాడు.

"మఠంలో కట్టించినా సామీ" అన్నాడు. "బ్రహ్మంగారి మఠంలో. వానికి జరమొస్తే. ఆ ముడి నేను ఏసిందే."

తర్వాత కింద కూర్చున్నాడు. ఏడవలేదు. అరవలేదు. అరిచి నన్ను నాలుగు తిట్టి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదేమో. తల ఎత్తి, "నేనే గదా సామీ పొడుగని సెప్పింది. నీదేముంది? కన్నోన్ని, నాకే వాని పొడుగు తెలీకపాయ" అన్నాడు.

కొలబద్ద బయటికి పోయాడు. నేను పోలేకపోయాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆలోచించాను, తండ్రికి కొడుకు పొడుగు ఎందుకు తెలియలేదా అని. ఆయన ఎప్పుడూ కింద కూర్చుని చూసేవాడు, కొడుకు ఎప్పుడూ గొర్రెల మధ్య నిలబడి ఉండేవాడు. చుట్టూ మోకాళ్ల ఎత్తు జీవాలు. మనిషి బక్క. తలకు పాగా, భుజం మీంచి కాళ్ల దాకా వేలాడే నల్ల గొంగడి. అలా నిలువుగా కనిపించే మనిషిని ఎవడైనా పొడుగే అంటాడు. ఊరంతా అదే అంది. నేను మాత్రం అదే మనిషిని పాగా లేకుండా, గొంగడి లేకుండా, నీళ్లు తాగి వెడల్పైనప్పుడు, కాళ్ల వైపు నుంచి చూశాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు, నేను రాసింది కూడా అబద్ధం కాదు. ఇద్దరమూ చూసిందే చెప్పాం. ఆ ఇద్దరి మధ్య ఒక శవం దిక్కులేకుండా పోయింది. తండ్రి కళ్లకు సాకు ఉంది. నాకు లేదు. నా ముందు కట్టె ఉంది, ఫైల్లో కొలత ఉంది, నడిచిపోయేంత దూరంలో మనిషే ఉన్నాడు.

ఎస్సై గారు సాయంత్రం నన్ను పిలిచారు. మంచి మనిషే. తలుపు వేసి, "ఇది పైకి పోతే ఇద్దరికీ ముప్పే. దిద్దెయ్" అన్నారు. నేను దిద్దాను. బ్లేడుతో గీకి, పొట్టి అన్నచోట మధ్యరకం అని, ఐదడుగులు అన్నచోట ఐదడుగుల ఆరంగుళాలు అని, లావు అన్నచోట ఉబ్బిన అని రాశాను. నా దస్తూరి మంచిది, పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఎవరూ పట్టుకోలేదు. నాకు మెమో రాలేదు, ఇంక్రిమెంటు ఆగలేదు. ఏడాది తిరక్కుండా ప్రమోషను కూడా వచ్చింది.

ఆ సాయంత్రానికి ముందే, పొద్దుండగానే, ఆ పెద్దాయన అడిగాడు.

"యాడ పెట్టినారు సామీ?"

కొలబద్ద, నేను ఆయన్ని ఏటికి తీసుకుపోయాం. పూడ్చినచోట గుర్తుకు రాళ్లు పెట్టారని విన్నాను. రాళ్లు లేవు. ఇసుక మేటలన్నీ మారిపోయాయి. ఎటు చూసినా ఒకటే తీరు. కొలబద్ద అటు నడిచాడు, ఇటు నడిచాడు. నేను చేత్తో ఊరికే ఒకవైపు చూపించాను. అది కూడా అబద్ధమే. ఆయనకు తెలిసే ఉంటుంది.

"ఇంట్లో ఆమెకు ఏమి సెప్పేది?" అన్నాడు, మాలో ఎవర్నీ అడగకుండా.

ఆయన నేను చూపించినచోటుకు పోయి, చేతులతో ఇసుక తోడటం మొదలుపెట్టాడు. కొలబద్ద సాయం పోబోతే వద్దన్నాడు. పొడుగ్గా, సన్నగా ఒక గుంత తోడాడు. గొంగడి తీసి అందులో పరిచాడు. దాని మీద కట్టెను పడుకోబెట్టాడు. తర్వాత కట్టె పైకొస దగ్గర అరచెయ్యి చాపి, బొటనవేలు మొదలు చిటికెనవేలు దాకా ఒక జానెడు కొలిచి, అంత మేర ఇంకా తోడాడు.

"ఇది తలకాయకు" అన్నాడు.

నేను గట్టు మీదే ఉన్నాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

"సామీ, నువ్వు రాసేటోనివి గదా. కొలత సరిగ్గా ఉందా ఒకసారి దిగి సూడు."

అప్పుడు గట్టు దిగాను. స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు ఎందుకో ఆ విరిగిన టేపు జేబులో వేసుకుని వచ్చాను. మూడడుగుల ముక్క అది. మోకాళ్ల మీద కూర్చుని ఒకచోట వేలు పెట్టుకుని రెండుసార్లుగా కొలిచాను. కట్టె నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. జానెడు తొమ్మిదంగుళాలు. కళ్లు మసకబారి, నమ్మకం కుదరక మళ్లీ మొదట్నుంచి కొలిచాను.

"సరిపోయిందప్పా" అన్నాను.

ఆయన గొంగడి కొసలు రెండు వైపుల నుంచి మడిచి కప్పి, ఇసుక తోశాడు.